జనరల్ స్మట్సు

1870లో కేప్ కాలనీయందు రైతుయింట జన్మించిన స్మట్సు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము నభ్యసించి, బోయరు యుద్ధమున ఆంగ్లేయులతో పోరాడెను. పిదప వారికే ఆప్తుడయ్యెను. మంత్రిగా నున్నప్పుడు గాంధీజీని చెరసాలకు బంపినవాడితడే. ఆయన చెరలో కుట్టి యిచ్చిన చెప్పులను పెక్కు వేసవులు తొడిగినవాడును ఇతడే. ఈ చెప్పులకథ యెల్లరకు ప్రీతికరమే గాని, అంతటితో నిలుపుట న్యాయముగాదని మేము తలంచెదము.

1919లో దక్షిణాఫ్రికా ప్రధానమంత్రియై, 1922లో గనికార్మికుల తిరుగుబాటును ఫిరంగులతోను విమానములతోను అణచి, 1924లో పదవి గోల్పోయెను. 1939లో మరల ప్రధానియయ్యెను. 1945లో ఐక్యరాజ్యసమితి శాసనపీఠికను రచించుటలో ముఖ్యుడైన ఈ మేధావి, మరుసటి యేటనే నేటాలులోని భారతీయులు భూమి కొనుటను నిర్బంధించు చట్టము గావించెను. మన తెలుగుజిల్లాలనుండి చెరకుతోటలకు కూలికి బోయినవారి సంతతియు వారిలో నుండెను. భారతదేశము మొరపెట్టగా, ఆ సమితియే యతనికి ప్రతికూలముగ తీర్మానించెను. 1948 ఎన్నికలలో పదవినేగాక, తన సొంత స్థానమగు స్టాండర్టనును సైతము గోల్పోయి, 1950లో మరణించెను.