దెబ్బల భయం నేర్పిన ఆట: డొమింగోస్ డా గియా

బ్రెజిల్ ఫుట్‌బాల్ అనగానే మనకు పీలే గుర్తొస్తాడు, గరించా గుర్తొస్తాడు. గోల్స్ కొట్టినవాళ్ల పేర్లే మన దాకా వచ్చాయి. గోల్ పడకుండా అడ్డుకున్నవాళ్ల పేర్లు సముద్రం దాటలేదు. వాళ్లందరిలోకీ మొదట చెప్పుకోవాల్సిన మనిషి డొమింగోస్ డా గియా. నల్లజాతి డిఫెండర్. ఆ దేశపు అభిమానులు ఆయన్ని ‘దివ్య గురువు’ అని పిలుచుకున్నారు.

డొమింగోస్ 1912 నవంబర్ 19న రియో డి జనీరో శివార్లలోని బంగూలో పుట్టాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. బంగూ ఒక బట్టల మిల్లు చుట్టూ పెరిగిన కార్మికుల ఊరు. మిల్లులో పనిచేసే ఇంగ్లీషువాళ్లు 1904లో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. ఆడేందుకు తమవాళ్లు చాలక కార్మికులను కూడా జట్టులోకి తీసుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్సిస్కో కరెగల్ అనే నల్లజాతి నేత కార్మికుడు ఆ జట్టు చొక్కా వేసుకున్నాడు. 1907లో రియో లీగ్ నల్లవాళ్ల పేర్లు నమోదు చేయకూడదని కట్టడి పెడితే, బంగూ క్లబ్బు లీగ్‌నే వదిలేసింది. డొమింగోస్ అన్నలు ఆడింది ఈ క్లబ్బుకే. వాళ్లలో లాడిస్లావు బంగూ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు.

ఆట చుట్టూ ఎప్పుడూ ఉన్నా, చిన్నప్పుడు డొమింగోస్‌కు మైదానంలోకి దిగాలంటే భయం. నల్ల ఆటగాడు చిన్న తప్పు చేసినా, ఒక్కోసారి ఏ తప్పూ చేయకపోయినా, మైదానంలోనే కొట్టడం తన కళ్లతో చూశాడు. అన్న ఒక ఉపాయం చెప్పాడు. తమ్ముడు నాట్యంలో దిట్ట. అడుగులు చిన్నచిన్నగా వేస్తూ నడుము తిప్పే సాంబా అతనికి బాగా వచ్చు. అదే అడుగు బంతితో వేయమన్నాడు. ఎదుటివాడి ఒంటికి ఒళ్లు తగలకపోతే కొట్టడానికి సాకే దొరకదు. డొమింగోస్ ముసలితనంలో తన ఆట ఎలా పుట్టిందో చెప్పిన కథ ఇది.

అప్పట్లో డిఫెండర్ పని తేలిక. బంతి దగ్గరికి రాగానే బలంకొద్దీ దూరంగా తన్నేయడమే. డొమింగోస్ అలా తన్నేవాడు కాదు. తన గోల్ ముందే బంతిని కాలి కింద ఆపి, మీదికొచ్చిన ఫార్వర్డ్‌ను తప్పించి, నింపాదిగా నడుచుకుంటూ బయటికొచ్చేవాడు. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది. ఆ సాహసానికి ఆయన పేరు మీదే ‘డొమింగాడా’ అనే మాట పుట్టింది.

1929లో బంగూ తరఫున మొదలుపెట్టి 1932లో వాస్కో డ గామాకు వెళ్లాడు. ఈ క్లబ్బు గురించి ఒక మాట చెప్పాలి. నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు, పేద తెల్లవాళ్లు కలిసిన జట్టుతో వాస్కో 1923లో రియో ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది పెద్ద క్లబ్బులు వేరే లీగ్ పెట్టుకుని, అందులో చేరాలంటే 12 మంది ఆటగాళ్లను తీసేయాలని షరతు పెట్టాయి. వాళ్ల చదువు, వాళ్ల ఉద్యోగం సరిపోవన్నది సాకు. ‘అర్హత’ అనే మాట వెనక ఏముంటుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వాస్కో లేఖ రాసి మరీ తిరస్కరించింది.

1932 చివర్లో మాంటెవీడియోలో ఉరుగ్వేను బ్రెజిల్ 2-1తో ఓడించింది. రెండు గోల్స్ కొట్టింది లియోనిడాస్, వెనక కాపు కాసింది డొమింగోస్. ఇద్దరూ నల్లవాళ్లే, ఇద్దరినీ ఉరుగ్వే క్లబ్బులు తీసుకుపోయాయి. రియోలో అప్పటికింకా ఆటకు జీతం లేదు. ఉచితంగా ఆడటం గౌరవమని చెప్పింది కడుపు నిండినవాళ్లు. డొమింగోస్ 1933లో నసియోనల్‌తో ఉరుగ్వే టైటిల్, 1934లో మళ్లీ వాస్కోతో రియో టైటిల్, 1935లో బోకా జూనియర్స్‌తో అర్జెంటీనా టైటిల్ గెలిచాడు. మూడేళ్లు, మూడు దేశాలు. 1936లో ఫ్లమెంగో ఆయన్ని, లియోనిడాస్‌ను, ఫౌస్టోను తెచ్చుకుంది. ఆ క్లబ్బు పేదల క్లబ్బుగా మారడంలో ఈ ముగ్గురి పాత్ర పెద్దది.

1938 ప్రపంచకప్ సెమీఫైనల్, మార్సెయ్. ఇటలీ 1-0తో ముందుంది. పెనాల్టీ ఏరియాలో డొమింగోస్ ఇటలీ ఫార్వర్డ్ పియోలాను తన్నాడు. ముందు తన్నింది పియోలానే అనీ, అప్పటికి బంతి ఆటలో లేదనీ ఆయన వాదన. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, మెయాజా గోల్ చేశాడు. బ్రెజిల్ 2-1తో ఓడింది. జీవితమంతా దెబ్బ తగలకుండా ఆడినవాడు, ఒక్కసారి తిరిగి కొట్టినందుకు చరిత్రలో మిగిలిపోయాడు. అయినా 1950 ఫైనల్ ఓటమికి నల్ల గోల్‌కీపర్ బర్బోసా మోసిన నింద ముందు ఇది తక్కువే.

సరిగ్గా ఆ సెమీఫైనల్ మరుసటి రోజే మేధావి జిల్బెర్టో ఫ్రేరె ఒక వ్యాసం అచ్చువేశాడు. బ్రెజిల్ ఆటలోని వంపు, నాట్యం, జిత్తు జాతుల కలయిక ఇచ్చిన స్వభావమని మెచ్చుకున్నాడు. ఆ మెప్పును మేం అనుమానంగానే చూస్తాం. స్వభావమంటే రక్తంలో వచ్చిందని అర్థం. డొమింగోస్ చెప్పిన కథలో రక్తం లేదు. కొట్టేవాళ్లు ఉన్నారు, భయం ఉంది, అన్న సలహా ఉంది, సాధన ఉంది. ఫ్రేరె మాటను ప్రపంచమంతా నమ్మింది. మేం డొమింగోస్‌ను నమ్ముతాం.

1944లో ఫ్లమెంగో వదిలి సావో పాలోలోని కొరింథియన్స్‌కు వెళ్లి, చివరికి 1948లో మొదలుపెట్టిన బంగూలోనే ఆట ఆపాడు. 1942లో పుట్టిన కొడుకు అడెమీర్ కూడా బంగూ నుంచే బయల్దేరి పల్మెయిరాస్‌కు 900 పైగా మ్యాచ్‌లు ఆడాడు. తండ్రి బిరుదులోని ‘దివ్య’ అనే ముక్కను అభిమానులు అతనికిచ్చారు. అంతటివాడికీ ప్రపంచకప్‌లో దొరికింది ఒక్క మ్యాచే, 1974లో మూడో స్థానం కోసం. డొమింగోస్ 2000 మే 18న, 87 ఏళ్ల వయసులో రియోలో కన్నుమూశాడు. బర్బోసా పోయి అప్పటికి ఆరు వారాలు.