భూమికి గొలుసు వేసిన లాంబ్టన్

రాయికోడునుండి ఉత్తరంగా మంజీరానదిని దాటి నారాయణఖేడు ప్రాంతంలో అడుగుపెడితే దామరగిద్ద అనే పల్లె వస్తుంది. ఒకవైపు జహీరాబాదు ఎర్రనేలలు, మరొకవైపు బీదరు పీఠభూమి, నడుమ మంజీర వంపులు. చూపరులకు ఇక్కడ అబ్బురమైనదేదీ కనబడదు. అయినా భూమి ఆకారాన్ని గురించి 19వ శతాబ్దిలో వెలువడిన గ్రంథాలలో, ఐరోపా పండితులు తరచి చూచిన లెక్కలలో, ఈ పల్లె పేరు నిలిచి ఉంది. దానిని అక్కడికి చేర్చినవాడు విలియం లాంబ్టన్.

భూగోళశాస్త్రం చదివే విద్యార్థులు సర్వే పటాలలో గోధుమరంగు వంపుగీతలను చూచే ఉంటారు. వాటిని సమోన్నత రేఖలంటారు. ఒక గీతమీద ఉన్న స్థలాలన్నీ సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉంటాయి. కాని ఆ గీతలు నేలమీద ఎక్కడా లేవు. నేలమీద కొలవగలిగినవి ఇక్కడొక గుట్ట, అక్కడొక గోపురం, ఎక్కడో దూరాన ఒక బురుజు. వరుసా క్రమమూ లేక చెదరి ఉన్న కొన్ని స్థలాల ఎత్తులు మాత్రమే. చెదరిన ఆ బిందువులనుండి తెగని గీత ఎట్లా పుడుతుంది, పుట్టిన గీతను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే అసలు ప్రశ్న. లాంబ్టన్ సమోన్నత రేఖలు గీయలేదు. అతని కాలపు పటాలలో కొండలను నీడలతోనూ సన్నని గీట్లతోనూ చూపేవారు. అయితే గీతకు ఆధారమైన బిందువును నమ్మదగినదిగా చేయడానికే అతని జీవితంలో సుమారు మూడవవంతు ఖర్చయింది.

లాంబ్టన్ 18వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులోని యార్క్‌షైరులో సామాన్య కుటుంబంలో జన్మించాడు. చిన్ననాటినుండి గణితం అతనికి అబ్బిన విద్య. 1781లో సైన్యంలో చిన్న అధికారిగా చేరి అమెరికా యుద్ధానికి పోయి, అదే సంవత్సరం యార్క్‌టౌను వద్ద ఆంగ్లసేనతోపాటు బందీ అయ్యాడు. యుద్ధం ముగిసిన తరువాత కెనడాలోని న్యూ బ్రున్స్విక్‌లో సైనిక నివాసాల పర్యవేక్షకుడుగా చాలా సంవత్సరాలు గడిపాడు. పెద్ద హోదా లేని ఆ ఉద్యోగంలో దొరికిన తీరికనంతా గణితానికీ ఖగోళానికీ ధారపోశాడు. సూర్యగ్రహణాన్ని సరైన రక్షణ లేకుండా చూడబోయి ఒక కంటి చూపు పోగొట్టుకొన్నది కూడా అక్కడే. తరువాతి కాలంలో దక్షిణాపథమంతటినీ దుర్బిణి కొసనుండి చూచినవాడు ఒంటికంటివాడన్న సంగతి తలచుకొంటే విధి చమత్కారం అనిపించక మానదు.

నడివయసు దాటుతుండగా అతడు 33వ పదాతిదళంతో భారతదేశం చేరాడు. ఆ దళానికి నాయకుడు ఆర్థర్ వెల్లెస్లీ, అనగా తరువాత వెల్లింగ్టన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కినవాడు. 1799లో టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధంలో ఒకనాటి రాత్రి సేన ఉత్తరానికి పోవలసి ఉండగా దారితప్పి దక్షిణంగా శత్రుశిబిరం వైపు నడవసాగింది. లాంబ్టన్ నక్షత్రాలను చూచి పొరపాటును పసికట్టి సేనాని బెయిర్డ్‌కు తెలిపాడు. శ్రీరంగపట్నం పడిపోయిన వెంటనే అతడు ఒక పథకం సమర్పించాడు. తూర్పు సముద్రంనుండి పడమటి సముద్రం వరకు త్రిభుజాల వల పన్ని దేశాన్ని కొలవాలనీ, ఉత్తర దక్షిణాలుగా ఒక పొడవైన చాపాన్ని కొలిచి భూమి ఆకారాన్నే నిర్ణయించాలనీ దాని సారాంశం. శ్రీరంగపట్నం పోదలచినవాడు పల్లకి బోయీలతో ఒక మాట చెబితే చాలునే, దీనికింత ధనం ఎందుకని మద్రాసు ఆర్థిక సంఘ సభ్యుడొకడు ఆక్షేపించాడు. వెల్లెస్లీ అండ ఉండటంవల్ల పథకం గట్టెక్కింది.

కైఫీయతుల సేకరణవల్ల తెలుగువారికి చిరపరిచితుడైన మెకంజీ ఆ రోజులలోనే మైసూరు సీమలో సర్వేకు పూనుకొన్నాడు. ఊళ్లు, వాగులు, చెరువులు, పంటలు, స్థలచరిత్రలు మెకంజీ సంపాదించిన సంపద. లాంబ్టన్‌కు వీటిలో దేనితోనూ నిమిత్తం లేదు. మెకంజీ దేశానికి కండ చేకూర్చితే లాంబ్టన్ ఎముకల గూడు కట్టాడు.

గూడు కట్టే విధానం ఇది. మొదట చదునైన నేలమీద కొన్ని మైళ్ల దూరాన్ని గొలుసుతో అతి జాగ్రత్తగా కొలవాలి. దీనిని ఆధారరేఖ అంటారు. దాని రెండు కొసలనుండీ దూరాన ఉన్న ఒక గుట్టను దుర్బిణి అమర్చిన థియోడొలైట్ యంత్రంతో చూచి కోణాలు తీసుకొంటే, ఒక భుజమూ రెండు కోణాలూ తెలిసినందున మిగిలిన భుజాలు లెక్కకు వస్తాయి. ఆ భుజాలే కొత్త త్రిభుజాలకు ఆధారం. ఇక గొలుసుతో పని లేదు. గుట్టనుండి గుట్టకు చూపు మాత్రమే నడుస్తుంది. నిలువు కోణాలవల్ల గుట్టల ఎత్తులు కూడా తెలుస్తాయి.

అతనికి చిక్కిన గొలుసు చరిత్ర విచిత్రమైనది. లండనులో రామ్స్‌డెన్ తయారుచేసిన ఆ నూరడుగుల ఉక్కుగొలుసు చీనా చక్రవర్తికి కానుకగా పోయి, అక్కడ ఆదరణ దొరకక, చివరకు కలకత్తా చేరింది. ఇంగ్లండునుండి వస్తున్న అరటన్ను బరువుగల థియోడొలైటును దారిలో ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు చేర్చారు. అది విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన వస్తువని తెలిసి అక్కడి గవర్నరు మద్రాసుకు మర్యాదగా పంపించాడు. ఇట్టి సామగ్రితో 1802 ఏప్రిల్ 10న మద్రాసు చెంత పరంగికొండ వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖకు ప్రారంభం జరిగింది. ఎండకు ఉక్కు సాగుతుంది గనుక గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, నీడపట్టున ఉంచి, ఉష్ణమాపకాలతో వేడి చూచి, ఆ సాగుదలను లెక్కలోనుండి తీసివేస్తూ పని సాగించారు. త్రిభుజాలు మంగళూరు తీరం చేరేసరికి ద్వీపకల్పం వెడల్పు పాత పటాలు చెప్పిన 400 మైళ్లు కాదనీ, 360 మైళ్లేననీ తేలింది. నలభై మైళ్ల నేల ఊహలో పుట్టి ఊహలోనే మాసిపోయింది.

త్రిభుజం ఎట్టిదైనా పనికిరాదు. కోణం మరీ సన్ననిదైతే చూపులో జరిగిన రవ్వంత పొరపాటు భుజంలో కొండంత అవుతుంది. అందుచేత మూడు భుజాలూ ఇంచుమించు సమంగా ఉండే త్రిభుజం కావాలి. దానికి తగిన చోట గుట్ట ఉండాలి. ప్రకృతి గణితజ్ఞుని సౌకర్యం చూచి గుట్టలను నిలపలేదు గదా! తంజావూరు మాగాణిలో గుట్టలే లేవు. అందుకని 1808లో బృహదీశ్వరాలయ శిఖరం మీదికి ఆ అరటన్ను యంత్రాన్ని మోకులతో ఎక్కించబోయారు. మోకు తెగి యంత్రం గోడకు కొట్టుకొంది. కోణాలు చదివే వృత్తం వంకర తిరిగింది. మరొకడైతే పని చాలించుకొనేవాడు. లాంబ్టన్ గుడారంలో ఆరువారాలపాటు యంత్రాన్ని భాగాలుగా విప్పి, మేకులతో, మరలతో, కప్పీలతో వెంట్రుకవాసి చొప్పున లాగుతూ వృత్తాన్ని యథాస్థితికి తెచ్చాడు. ఆ దెబ్బ పూర్తిగా మానిందా అన్న సందేహం మాత్రం అతని వెనుక చాలాకాలం నడిచింది.

లెక్క ఎంత దూరం పోతే పొరపాటు అంత పేరుకొంటుంది. కనుక కొంత దూరానికొకసారి కొత్త ఆధారరేఖను గొలుసుతో కొలిచి, త్రిభుజాలు చెప్పిన పొడవుతో సరిచూడాలి. అట్టి రేఖ 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర ఏర్పడింది. బీదరు రేఖతో చాపం దామరగిద్దను చేరింది. కన్యాకుమారి సమీపాన 8 డిగ్రీల 9 నిమిషాల అక్షాంశంనుండి దామరగిద్ద వద్ద 18 డిగ్రీల 3 నిమిషాల వరకు, ఇంచుమించు పది డిగ్రీల చాపం. దాని ఫలితాలను లండను రాయల్ సొసైటీ 1818లో ప్రకటించింది. అంతకు ముందు సంవత్సరమే ఆ సంస్థ అతనిని సభ్యుడుగా ఎన్నుకొంది. 1818లో సర్వే మద్రాసు ప్రభుత్వంనుండి కలకత్తా ప్రభుత్వం చేతికి మారి, భారత మహా త్రికోణమితి సర్వే అనే పేరు పొందింది. హైదరాబాదు దానికి కేంద్రమయింది.

ఆ సంవత్సరాంతాన జార్జి ఎవరెస్టు అనే యువకుడు సహాయకుడుగా హైదరాబాదు వచ్చాడు. అప్పటికి లాంబ్టన్ వృద్ధుడు. అయినా యంత్రం ముందు నిలబడితే వార్ధక్యం మరచేవాడు. 1819లో ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో త్రిభుజాలు పరచడానికి వెళ్లాడు. వాన కడిగిన గాలిలో చూపు దూరం పోతుంది గనుక వానకాలమే సర్వేకు అనుకూలం. అడవిజ్వరానికీ అదే అనుకూలం. సుమారు నూట యాభైమంది బృందం జ్వరాన పడింది. హైదరాబాదుకు మోసి తెచ్చేసరికి పదిహేనుమంది మరణించారు. ఎవరెస్టు చికిత్సకై ఆఫ్రికా దక్షిణాగ్రానికి పోవలసి వచ్చింది. జెండాలు పట్టి గుట్టలమీద నిలిచినవారు, చెట్లు నరికి చూపుకు దారి తీసినవారు, పెట్టెలు మోసినవారు దేశీయులే. లెక్కల పుస్తకాలలో వారి పేర్లు లేవు. వారు నిలిచిన గుట్టల పేర్లున్నాయి.

ఇంతటి శ్రమతో నిలబెట్టిన బిందువులు గీతలుగా ఎట్లా మారతాయో చూడవలసి ఉంది. స్కాట్లండులోని షెహాలియన్ కొండ ఆకర్షణశక్తిని 1774లో మాస్కెలీన్ పరీక్షించినప్పుడు, ఆ కొండ ఘనపరిమాణం లెక్కకట్టే భారం చార్లెస్ హట్టన్‌పై పడింది. అతని ముందు కాగితంపై ఎత్తుల అంకెలు చిందరవందరగా పడి ఉన్నాయి. సమానమైన ఎత్తులను గీతతో కలిపితే కొండ రూపం కాగితంమీదనే కనబడుతుందని అతడు గ్రహించాడు. రెండు స్థలాలలో ఒకటి 1,900 అడుగులు, రెండవది 2,000 అడుగులు అనుకొంటే, నడుమ నేల ఒకే వాలున ఉన్నదని ఒప్పుకొన్నప్పుడు, 1,950 అడుగుల గీత సరిగ్గా సగం దూరాన పోతుంది. 1,940 అడుగుల గీత తక్కువ ఎత్తునుండి పదింట నాలుగు వంతుల దూరాన పోతుంది. బిందువులను త్రిభుజాలుగా కలిపి, ప్రతి భుజంమీదా ఇట్లే గుర్తించి, గుర్తులను కలుపుతూ పోతే సమోన్నత రేఖ సిద్ధిస్తుంది.

ఒప్పుకొన్నప్పుడు అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఒక చతురస్రం నాలుగు మూలలలో ఎదురెదురు మూలలు రెండు 2,000 అడుగులు, తక్కిన రెండు 1,900 అడుగులు అనుకోవాలి. ఎత్తైన మూలలను కర్ణంతో కలిపితే నడిమిస్థలం 2,000 అడుగుల గట్టు అవుతుంది. పల్లపు మూలలను కలిపితే అదే స్థలం 1,900 అడుగుల లోయ అవుతుంది. అంకెలు అవే, నేల అదే. ఒక పటం ప్రకారం నీరు నడుమనుండి పారుతుంది, మరొక పటం ప్రకారం నడుమనుండి చెదరిపోతుంది. అట్టి పటాన్ని నమ్మి చెరువుకు కట్ట వేసే రైతుల సంగతి చెప్పనక్కరలేదు. ఏ బిందువులను కలపాలన్న దానికి రష్యా గణితజ్ఞుడు డెలోనే 1934లో ఒక నియమం చూపాడు: త్రిభుజం మూడు మూలలగుండా పోయే వృత్తం లోపల మరొక బిందువు పడరాదు. ఈ నియమంవల్ల సన్నని త్రిభుజాలు వీలైనంతవరకు తప్పిపోతాయి. నేడు గణనయంత్రాలు చెదరిన బిందువులనుండి గీతలు గీసేటప్పుడు దీనిని విస్తారంగా వాడుతున్నాయి. లాంబ్టన్ గుట్టలను ఎన్నుకొన్న పద్ధతికి ఇది ఎంత దగ్గరిదో విద్యార్థులు గమనించవచ్చు. పై చతురస్రం విషయంలో మాత్రం నాలుగు మూలలూ ఒకే వృత్తంమీద ఉన్నందున ఆ నియమమూ ఏమీ తేల్చలేదు. నడిమికి పోయి ఐదవ బిందువును కొలిచి రావలసిందే.

1822లో లాంబ్టన్ కేంద్రాన్ని నాగపురానికి మార్చదలచి హైదరాబాదు విడిచి ఉత్తరంగా బయలుదేరాడు. వయస్సు సుమారు డెబ్బది, దేహం శిథిలమైంది. దారిలో, నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద 1823 జనవరి 20న కన్నుమూశాడు. సమాధి అక్కడే ఉంది. అప్పటికి అతని త్రిభుజాలు సుమారు 1,65,000 చదరపు మైళ్ల నేలను కప్పాయి.

తరువాత బాధ్యత వహించిన ఎవరెస్టు గురువుపట్ల గౌరవం గలవాడే. గురువు యంత్రంపట్ల మాత్రం దయలేనివాడు. అతడు కొత్త యంత్రాలు తెప్పించి చాపాన్ని హిమాలయాల పాదం వరకు కొనిపోయాడు. లాంబ్టన్ గొలుసుతో కొలిచిన బీదరు ఆధారరేఖను 1841లో లోహపు కడ్డీలతో తిరిగి కొలిపించినప్పుడు, ఉత్తరాన వందల మైళ్ల దూరంనుండి త్రిభుజాలమీదుగా వచ్చిన లెక్కకూ ఆ కొలతకూ వ్యత్యాసం కొద్ది అంగుళాలే. 1847లో ఎవరెస్టు ప్రకటించిన గ్రంథంలో చాపం దామరగిద్ద దగ్గర మొదలై ఉత్తరంగా పోతుంది. దామరగిద్దకు దక్షిణాన లాంబ్టన్ కొలిచిన పది డిగ్రీలు అందులో చేరలేదు. వాటిని కొత్త పరికరాలతో మళ్లీ కొలవడానికి సర్వేవారు దక్షిణానికి మరలారు. 1868లో బెంగుళూరు దగ్గర, 1869లో కన్యాకుమారి దగ్గర కొత్త ఆధారరేఖలు వేశారు.