పరేలు బంగళా విద్య: హాఫ్కిన్ మహాశయుని జీవితము

ఉగాది సంచికలో ఒక మహనీయుని చరిత్రను ప్రకటించదలచి, ఈ ఏడు తెలుగువారు కాని, ఈ దేశమున పుట్టినవారు కూడ కాని ఒక పెద్దను ఎన్నుకున్నాము. ఇందుకు కారణం లేకపోలేదు. మనవారి పేర వెలసిన కామాఠీపురకు, మనవారెందరో మగ్గాలముందు నిలిచి పనిచేసిన పరేలు మిల్లులకు చేరువనే ఆయన తన జీవితంలోని ముఖ్యకార్యాన్ని నెరవేర్చారు. పైగా ఆయన కూడ స్వస్థలం విడిచి పరాయిచోట బ్రతికినవారే.

వాల్డెమార్ హాఫ్కిన్ 1860లో నల్లసముద్ర తీరాన గల ఒడెస్సాలో యూదుల ఇంట జన్మించారు. ఆనాడది రష్యా చక్రవర్తి ఏలుబడిలోనిది. మెచ్నికాఫ్ అను గొప్ప శాస్త్రజ్ఞుని వద్ద జీవశాస్త్రం అభ్యసించారు. మతం మార్చుకొంటే ఆచార్యపదవికి దారి దొరికేది, ఆయన మార్చుకోలేదు. దేశం విడిచి, 1889లో ప్యారిస్ చేరి, పాశ్చర్ పరిశోధనాలయంలో గ్రంథాలయ సహాయకుని కొలువుతో సరిపెట్టుకున్నారు. తీరిక వేళలలో కలరా క్రిములపై పరిశోధన సాగించి టీకా తయారుచేశారు. 1892 జూలైలో దానిని మొదట తన శరీరంలోకే ఎక్కించుకొని చూచుకున్నారు.

1893లో మనదేశం వచ్చారు. మరుసటి ఏడు కలకత్తాలోని పేదల బస్తీలకు వెళ్ళగా మొదట జనం రాళ్ళు రువ్వారు. తెల్లదొర తెచ్చిన సూదిని ఎవరు నమ్మగలరు? అందరూ చూస్తుండగా ఆయన తానే టీకా వేయించుకున్నారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. చౌదరి, ఘోష్, చటర్జీ, దత్తు అను బెంగాలీ వైద్యులను వెంట ఉంచుకొని పని సాగించారు. జనానికి వారి భాష తెలిసినవారు, వారి నడుమ మసలేవారు చెప్పిన మాట చెవికెక్కింది. ఒక బస్తీలో సుమారు 200 మందిలో 116 మంది వేయించుకున్నారు. తరువాత అక్కడ వచ్చిన కలరా వేయించుకోనివారికే వచ్చింది.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకున్నది. అధికారులు ఇళ్ళలో జొరబడి సోదాలు చేస్తుంటే, జనం మూటాముల్లె సర్దుకొని ఊరు విడిచి పోసాగారు. అక్టోబరులో హాఫ్కిన్ వచ్చి గ్రాంటు వైద్యకళాశాలలో ఒక చిన్న గదిలో పని ప్రారంభించారు. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు, ఇదే ఆయన బలగం. మాంసరసంలో నేతిబొట్లు తేల్చి, వాటినంటి క్రిములు క్రిందికి వ్రేలాడుతూ పెరుగునట్లు చేసి, పిదప వేడితో వాటిని చంపి టీకా తీశారు. 1897 జనవరి 10న మళ్ళీ తానే మొదట వేయించుకున్నారు. ఆ నెల చివర బైకుల్లా జైలులో ప్లేగు రాగా, ముందుకు వచ్చిన ఖైదీలకు వేశారు. వేయించుకున్నవారిలో ఇద్దరికి రోగం వచ్చినా చావు లేదు. వేయించుకోనివారిలో 12 మందికి వచ్చి ఆరుగురు పోయారు. 1899లో పరేలులోని పాత గవర్నరు బంగళా ఆయన ప్రయోగశాలకు లభించింది.

ఇంతలో విధి వక్రించింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేయగా, వారిలో 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ఆ 19 మందికీ వేసినది ఒకే సీసాలోని మందు. తప్పు ప్రయోగశాలదేనని విచారణ సంఘం తేల్చగా, హాఫ్కిన్ పదవి పోయింది. ఐతే, సీసా బిరడా తీసే పట్టకారు నేలపై పడినదనీ, దానిని సరిగా శుద్ధి చేయకనే మరల వాడినారనీ ఉత్తరోత్తరా బయటపడింది. మన సికింద్రాబాదులో 1897లో మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు ఆయన పక్షాన వాదించగా, 1907లో నిందనుండి విముక్తుడైనారు. తిరిగి కలకత్తాలో కొలువిచ్చారే గాని, వెనుకటి స్వేచ్ఛ ఇవ్వలేదు. కొన్నేండ్లకు ఐరోపా వెళ్ళిపోయి, 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొజాన్‌లో కన్నుమూశారు.

ఆ పట్టకారు పట్టిన చేతిని నిందించుట మా ఉద్దేశం కాదు. ఆ చేతికి నేర్పవలసిన విద్య సంగతి మేము తలచుచున్నాము. మందు ఎంత మంచిదైనా, బిరడా తీసేది ఒక పల్లెలో ఒక మనిషి చేయి. నేలపై పడిన పనిముట్టును ఎందుకు మరగబెట్టవలెనో ఆ మనిషికి తెలియకున్న, ప్యారిస్‌లోని పాండిత్యం పల్లెకు వచ్చుసరికి విషమగును. తెలిసిన చేతులు కలకత్తాలో ప్రాణాలు నిలిపినవి. ముల్కోవాల్‌లో ఒక్క ఏమరుపాటు 19 ఇండ్లలో దీపాలార్పినది. కావున బయటినుండి మందు వచ్చుట చాలదు, ఇక్కడివారికి ఆ శాస్త్రం రావలెను.

అదృష్టవశాత్తు పరేలు బంగళాలో ఆ దీపం ఆరలేదు. 1897 మొదలు 1925 వరకు బొంబాయినుండి 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు టీకా వెళ్ళింది. 1925లో ఆ సంస్థకు హాఫ్కిన్ పేరు పెట్టారు. 1932లో సాహిబ్ సింగ్ సోఖీ దానికి డైరెక్టరైన తొలి భారతీయుడు. ఒకనాడు పరదేశి ఒక్కడు, గుమాస్తా, బంట్రోతులతో మొదలైన చోట మనదేశపు యువకులు పరిశోధకులైనారు. 1964లో ప్రభుత్వం హాఫ్కిన్ పేర తపాలా బిళ్ళ వెలువరించింది. 1975లో టీకాల తయారీని వేరొక సంస్థకు అప్పగించగా, పాత సంస్థ తన పేరులోనే శిక్షణ, పరిశోధన, పరీక్ష అను మూడింటిని నిలుపుకున్నది. వాటిలో శిక్షణ ముందు నిలిచినది.

మన పిల్లలలో శాస్త్రం చదువుచున్నవారు చాలమంది కలరు. పరేలు వైపు వెళ్ళినప్పుడు వారికి ఆ బంగళాను చూపి, ఈ కథ చెప్పవలసినదని తల్లిదండ్రులను కోరుచున్నాము. క్రొత్త సంవత్సరం మన ఇండ్లకు ఆరోగ్యమునే గాక, దానిని కాపాడుకొను విద్యను కూడ తెచ్చుగాక!