గ్రహణం ముగిసిన మర్నాడు

హీలియం వాయువును గుంటూరులో కనుగొన్నారని మనవాళ్లు గర్వంగా చెప్పుకొంటారు. క్విజ్ పోటీలకు తయారయ్యే పిల్లలు ఈ మాటను కంఠస్థం చేస్తారు. కనుగొన్నది జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అని, సంవత్సరం 1868 అని కూడా చెబుతారు. ఆయన గుంటూరు వచ్చిన మాట నిజం. అక్కడ గొప్ప పని చేసిన మాటా నిజం. అయితే ఆ గొప్ప పని హీలియం కాదు. అదేమిటో తెలుసుకోవాలంటే ముందు ఆ మనిషి జీవితం తెలుసుకోవాలి.

పియర్ జూల్స్ జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలోనే, చూసుకొనే దాది అజాగ్రత్త వల్ల కాలికి దెబ్బ తగిలి, జీవితాంతం కుంటుతూనే నడవవలసి వచ్చింది. ఆ అవిటితనం కారణంగా తోటిపిల్లలతో పాటు బడికి వెళ్లే భాగ్యం కలగలేదు. ఇంట్లోనే చదువుకొన్నారు. కుటుంబానికి డబ్బు ఇబ్బందులు రావడంతో చిన్న వయసులోనే బ్యాంకులో ఉద్యోగానికి కుదిరారు. పగలు లెక్కల పుస్తకాలు రాస్తూ, తీరిక దొరికినప్పుడు గణితం చదువుతూ, 28 ఏళ్ల వయసులో, అంటే 1852లో, గణితశాస్త్రంలో పట్టా సంపాదించారు. చదువు ఆలస్యమైందని చింతించే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1857లో భూమి అయస్కాంత రేఖలను కొలిచే పనిమీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్లారు. అక్కడ తీవ్రంగా జబ్బుపడి పని సగంలో ఉండగానే తిరిగి రావలసి వచ్చింది. తర్వాత ఫ్రాన్స్‌లో ఇనుము, ఉక్కు కర్మాగారాల యజమానులైన ష్నైడర్ల ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరారు. అక్కడ కొలిమిలో కరిగిన ఉక్కు కళ్లు చెదిరేలా వెలుగుతుంటే చూశారు. ఒళ్లు కాల్చే అంత వేడి వస్తున్నా కంటి లోపల మాత్రం మంట పుట్టడం లేదెందుకని ఆయనకు సందేహం కలిగింది. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలలో కొలిమి దగ్గర పనిచేసినవారికి ఆ వేడి ఎలాంటిదో చెప్పనక్కరలేదు. కంటిలోని ద్రవపదార్థాలు వేడి కిరణాలను తమలో ఇముడ్చుకొని, వెలుగును మాత్రం లోపలికి పంపుతాయని ఆయన ప్రయోగాలు చేసి తేల్చారు. 1860లో డాక్టరేటు వచ్చింది ఈ పరిశోధనకే. నలుగురూ రోజూ చూసే దాన్నే చూసి, ఎందుకు అని అడగడం ఆయన స్వభావం.

ఆ రోజుల్లోనే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు పండితులు ఒక కొత్త విద్యను లోకానికి అందించారు. వెలుగును గాజు పట్టకం గుండా పంపితే ఏడు రంగుల పట్టీగా విడిపోతుంది. దాన్ని వర్ణపటం అంటారు. ఒక్కొక్క మూలకానికి ఆ పట్టీలో దాని సొంత గీతలుంటాయి. మనిషిని వేలిముద్రతో గుర్తుపట్టినట్లే, ఈ గీతలను బట్టి వెలుగు ఏ పదార్థం నుంచి వస్తున్నదో చెప్పవచ్చు. అంతవరకూ నక్షత్రం ఎక్కడుందో, ఎటు కదులుతుందో చెప్పడమే ఖగోళశాస్త్రం. ఈ విద్య వచ్చాక, నక్షత్రం దేనితో తయారైందో చెప్పే శాస్త్రం కూడా పుట్టింది.

జాన్సెన్ ఈ విద్యను పట్టుకొన్నారు. సూర్యుని వర్ణపటంలో కనిపించే కొన్ని నల్లని గీతలు సూర్యునివి కావని, మన భూమి గాలిలోని నీటి ఆవిరి వల్ల ఏర్పడుతున్నాయని నిరూపించదలచారు. 1864లో స్విట్జర్లాండులోని జెనీవా సరస్సు ఒడ్డున పెద్ద కట్టెల మంట వేయించి, దాదాపు 20 కిలోమీటర్ల దూరం నుంచి, సరస్సు గాలి మీదుగా వచ్చే ఆ వెలుగును పరీక్షించారు. మామూలు మంటలో లేని గీతలు దూరం నుంచి చూసినప్పుడు కనిపించాయి. గీతలు గాలివేనని తేలిపోయింది.

ఇక 1868 ఆగస్టు 18. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఏడెన్ ప్రాంతం నుంచి మన దేశం మీదుగా సయాం దాకా సాగింది. గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలలు కనబడతాయని అప్పటికే తెలుసు. అవి నిజంగా సూర్యునివేనా? నిప్పువా, మేఘాలా, వాయువులా? వర్ణపట విద్య వచ్చాక ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల మంచి అవకాశం ఇదే. అందుకే పలుదేశాల శాస్త్రవేత్తలు మన ప్రాంతానికి బారులు తీరారు.

ఆనాటి సరిహద్దులు వేరని పాఠకులు గుర్తించాలి. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాలో గుంటూరు కూడా ఉండేది. 1904లో గాని గుంటూరు వేరు జిల్లా కాలేదు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న మన నందిగామ, జగ్గయ్యపేటలు, అటు మచిలీపట్నం, ఇటు గుంటూరు అన్నీ అప్పుడు ఒకే జిల్లా. కాబట్టి ఇది పరాయి ఊరి కథ కాదు. ఆ ఉదయం చంద్రుని నీడ వందల కిలోమీటర్ల వెడల్పున పరుచుకొని వెళ్లినప్పుడు కృష్ణకు ఆవలి గుంటూరుతో పాటు ఈవలి మన మెట్ట ఊళ్లూ ఆ చీకటిలో మునిగాయి.

జాన్సెన్ ఓడలో మద్రాసు చేరి, మచిలీపట్నం మీదుగా గుంటూరు వచ్చి, అక్కడ వ్యాపారం చేసుకొనే ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట బస చేశారు. ఆ ఇంటి దగ్గరే తన దుర్బిణులు అమర్చుకొన్నారు. మేజర్ టెనెంట్ అనే ఇంగ్లీషు అధికారి నాయకత్వంలో మరో బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మరికొందరితో వనపర్తి వెళ్లారు. ఒక భారతీయుడు శాస్త్రీయ పరిశీలన కోసం బృందంతో బయలుదేరడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అటు సయాంలో రాజు మోంగ్‌కుట్ గ్రహణం వేళను స్వయంగా లెక్కకట్టి, అడవి ప్రాంతానికి వెళ్లి చూశారు. అక్కడ సోకిన మలేరియాతో ఆ అక్టోబరులోనే కన్నుమూశారు.

అది వానల కాలం. గ్రహణానికి ముందు రోజుల్లో మబ్బులు అందరినీ భయపెట్టాయి. 18వ తేదీ ఉదయం సూర్యుడు కనికరించాడు. తొమ్మిది గంటల ప్రాంతంలో పట్టపగలు చీకటి కమ్మింది. ఐదు నిమిషాలకు పైగా సాగిన ఆ చీకటిలో జాన్సెన్ తన వర్ణపట దర్శినిని ఎర్రని జ్వాలల వైపు తిప్పారు. రంగుల పట్టీకి బదులు కొన్ని ధగధగలాడే గీతలు మాత్రమే కనిపించాయి. అంటే అది మండుతున్న వాయువు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. ఎంతో కాలపు ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆనాడు ఇతరులకూ ఈ గీతలు కనిపించాయి. అక్కడితో తృప్తిపడి పెట్టెలు సర్దుకొని ఉంటే జాన్సెన్ వారిలో ఒకరుగా మిగిలేవారు. కాని ఆ గీతల వెలుగు చూసినప్పుడే ఆయనకొక ఆలోచన తట్టింది. ఇంత ప్రకాశమైన గీతలను చూడటానికి గ్రహణమే కావాలా? అప్పటికే మబ్బులు కమ్మడంతో ఆ రోజు మరేమీ చేయలేకపోయారు. మర్నాడు, 19వ తేదీ, తెల్లవారగానే లేచి సూర్యుడు పైకి వస్తుండగా దుర్బిణి దగ్గర నిలబడ్డారు. గ్రహణం లేదు. చీకటి లేదు. అయినా సూర్యుని అంచున ఆ గీతలు మళ్లీ కనిపించాయి.

ఇది ఎలా సాధ్యమైందో చెబుతాను. పట్టపగలు పెట్రోమాక్స్ లైటు వెలిగించినా తెలియనట్లే, ఆకాశపు కాంతిలో సూర్యజ్వాలలు కనబడవు. కళ్లంలో కుప్పపోసిన ధాన్యంలో నాలుగు రాళ్లు ఉన్నాయనుకోండి. కుప్పగా ఉన్నంతసేపూ అవి కనబడవు. ధాన్యాన్ని కళ్లం నిండా పలచగా నెరిపితే గింజలు చెదిరి పలచబడతాయి గాని రాయి రాయిగానే ఉండి కంటపడుతుంది. పట్టకం చేసే పని ఇదే. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కనుక అది పట్టీ పొడవునా నెరిసిపోయి మసకబారుతుంది. జ్వాల వెలుగు రెండు మూడు గీతలలోనే ఉంటుంది కనుక నెరవడానికి వీలులేక మెరుస్తూనే ఉంటుంది.

సెప్టెంబరు 4 వరకు, 17 రోజుల పాటు జాన్సెన్ గుంటూరులో ప్రతిదినం ఈ జ్వాలలను పరిశీలించి, అవి గంటల్లోనే రూపం మార్చుకొంటాయని గమనించారు. మానవజాతి అప్పటివరకు గ్రహణాల పుణ్యమా అని అప్పుడప్పుడు, నిమిషాల లెక్కన మాత్రమే చూడగలిగిన దృశ్యాన్ని, ఆయన మన ప్రాంతపు ఆకాశం కింద రోజూ చూడదగినదిగా మార్చారు. గుంటూరు ఇచ్చిన అసలు కానుక ఇది.

మరి హీలియం మాట? ఆ గీతలలో పసుపుపచ్చనిది ఒకటి ఉంది. గ్రహణం నాడు పలువురు దాన్ని చూసినా, చాలామంది సోడియం గీతే అనుకొన్నారు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా, గ్రహణానికి రాకుండానే, తన సొంత ఆలోచనతో అదే పద్ధతి కనిపెట్టి అక్టోబరు 20న సూర్యజ్వాలల గీతలు చూశారు. ఆ పసుపు గీత సోడియం గీతతో కలవడం లేదని గుర్తించి, భూమి మీద తెలియని మూలకం ఉన్నదని భావించింది ఆయనే. సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే దాన్ని భూమిపై ఒక ఖనిజంలో పట్టుకొనేదాకా ఎందరో పండితులు నమ్మనే లేదు.

అయితే రెండు పేర్లు ఎందుకు కలిశాయి? గుంటూరు నుంచి జాన్సెన్ రాసిన ఉత్తరం సముద్రాలు దాటి పారిస్ చేరేసరికి అక్టోబరు చివరి వారం అయింది. లాకియర్ సమాచారం కూడా అప్పుడే అందింది. 1868 అక్టోబరు 26న ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఒకే సమావేశంలో రెండింటినీ విన్నది. ముందెవరు, వెనకెవరు అని రెండు దేశాలు కొట్లాడుకోవడానికి కావలసినంత సందర్భం. కాని అలా జరగలేదు. ఇద్దరికీ సమాన గౌరవం దక్కింది. 1872లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం ముద్రించింది. గట్టు తగాదాలతో అన్నదమ్ములు కోర్టులకెక్కే మన ఊళ్లలో ఈ పతకం కథ చెప్పుకోదగినది.

ఆ పద్ధతి ఎంత వేగంగా పాకిందో చూడండి. రోమ్ నగరంలో యేసు సభ గురువు ఫాదర్ ఆంజెలో సెక్కి దాన్ని అందుకొని సూర్యజ్వాలల బొమ్మలు గీయసాగారు. నక్షత్రాలను వర్ణపటాన్ని బట్టి తరగతులుగా విభజించిన తొలివారిలో ఒకరు ఈ గురువే. ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి మన కొడైకెనాల్ కొండ మీద సూర్యజ్వాలలను ఫోటో తీయడం నిత్యకృత్యమైంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 నౌకలో, సూర్యబింబాన్ని పళ్లెంతో మూసినట్లు మూసి చుట్టూ ఉన్న కరోనాను చూసే పరికరం ఉన్నది. గ్రహణం కోసం ఎదురుచూడనక్కర లేదన్న ఆశ, ఆ గుంటూరు ఉదయానిది.

జాన్సెన్ అక్కడితో ఆగలేదు. 1870లో జర్మను సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు, అల్జీరియాలో గ్రహణం చూడటానికి డిసెంబరు 2న గాలిబుడగలో ఎక్కి శత్రువుల తలల మీదుగా ఎగిరిపోయారు. ఇంత సాహసం చేసి అక్కడికి చేరితే గ్రహణం నాడు మబ్బు పట్టింది. ఏమీ కనబడలేదు. ఆయన నిరాశపడలేదు. మరుసటి ఏడాది 1871 డిసెంబరు 12న మళ్లీ మన దేశానికే వచ్చి, నీలగిరి కొండల్లోని షోలూరులో గ్రహణం చూసి, కరోనా సూర్యునిదేనని బలపరిచే సాక్ష్యం సంపాదించారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటేటప్పుడు చిత్రించడానికి 72 సెకండ్లలో 48 బొమ్మలు తీసే యంత్రం తయారుచేసి జపాను వెళ్లారు. సినిమా కెమెరాకు అదొక పూర్వరూపం. 1895లో లూమియేర్ సోదరులు తీసిన తొలి చలనచిత్రాలలో ఒకదానిలో ఆ ముసలి శాస్త్రవేత్త కనిపిస్తారు కూడా.

పారిస్ దగ్గర మ్యూడాన్‌లో పాడుబడిన రాజభవనంలో ఆయన నక్షత్రశాల స్థాపించి, చనిపోయేవరకు దానికి అధిపతిగా ఉన్నారు. 66 ఏళ్ల వయసులో, కుంటికాలితో, 4,800 మీటర్లకు పైబడిన మౌంట్ బ్లాంక్ మంచు శిఖరాన్ని ఎక్కదలచారు. నడవలేరు కనుక మనుషులు స్లెడ్జి బండి మీద లాగి పైకి చేర్చారు. తర్వాత ఆ శిఖరం మీదే నక్షత్రశాల కట్టించారు. మంచు మీద కట్టినది కాబట్టి అది క్రమంగా కుంగిపోయింది. 1907 డిసెంబరు 23న జాన్సెన్ కన్నుమూశారు.

పాఠకులారా, 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతాల మీదుగా గ్రహణం సాగినప్పుడు తలుపులు బిగించుకొని ఇళ్లలో కూర్చున్నవారు మన కుటుంబాలలో ఇంకా ఉన్నారు. సూర్యుణ్ణి ఉత్తకళ్లతో చూడకూడదన్నది నిజమైన జాగ్రత్త. పిల్లలకు అది తప్పక చెప్పాలి. కాని భయంతో తలుపులు మూయడం వేరు, జాగ్రత్తతో చూడటం వేరు. గుంటూరులో హీలియం కనుగొన్నారా అని మీ పిల్లలు అడిగితే, కాదని చెప్పండి. నిజం చెబితే మన గుంటూరు గొప్పదనం తగ్గదు. లోకమంతా గ్రహణం చూసి ఇంటికి వెళ్లిపోయిన మర్నాడు, ఒక కుంటివాడు తెల్లవారుజామున లేచి మళ్లీ చూశాడని, చూడవలసింది ఇంకా ఉందని మన జిల్లా గడ్డ మీదే తెలిసిందని చెప్పండి.