జిమ్ కార్బెట్ : గాలము, తుపాకి, రైలుబాట

ఖరగ్‌పురము ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైలు కూతలనడుమ జీవించు మనకు జిమ్ కార్బెట్ పేరు వేటకానిగనే పరిచితము. ఆయన యౌవనమంతయు రైల్వే కొలువున గడచినదనియు, తుపాకితోపాటు గాలముకూడ ఆయనకు ప్రాణప్రదమనియు ఎరిగినవారు తక్కువ.

ఆయన 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన నైనిటాలులో జన్మించెను. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కుమారునికి ఆరేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. పెద్ద సంసారభారము తల్లిపై బడెను. శీతకాలమున ఆ కుటుంబము కొండల దిగువనున్న కాలాఢూంగీలో నివసించెడిది. పక్షుల కూతలను, మృగముల అడుగుజాడలను చదువుట బాలుడు అచ్చటనే నేర్చెను.

పాఠశాల విడిచిన పిమ్మట ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరి, తొలుత ఇంజనులకు వంటచెరకు సమకూర్చు పని చేసెను. తరువాత గంగాతీరమున మొకామాఘాట్‌లో, ఒక గేజి బండ్లనుండి మరియొక గేజి బండ్లకు సరకు మార్చు కంట్రాక్టు తీసికొని ఇరువది యేండ్లకు పైగ నిర్వహించెను. కూలీలతోపాటు తానును బస్తాలు మోసెను. స్టేషను మాస్టరు రామ్ శరణ్‌తో కలిసి కార్మికుల బిడ్డలకు బడి పెట్టెను. భిన్నకులముల పిల్లలు ఒకే ఇంటిలో కూర్చుండరాదను ఆటంకము రాగా, ఆ ఇంటి గోడలను తీసివేయించిరి. గోడలు లేనిచో అది ఇల్లు గాదు, పందిరియే. చిక్కు తీరినది.

సెలవు దొరికినప్పుడెల్ల ఆయన మనస్సు కుమావూ నదులమీదికి పోయెడిది. అచ్చటి మహసీరు చేప బలమునకు, పోరాటమునకు ప్రసిద్ధము. 1944లో వెలువడిన ఆయన తొలి ప్రసిద్ధగ్రంథమున నరభక్షకముల కథలనడుమ ఈ చేపను గూర్చియు ఒక అధ్యాయము కలదు.

కాని ఆ నదులలో గాలము వేయుట మన చెరువుగట్టున కూర్చుండుట వంటిది కాదు. నీరు మంచు కరగి వచ్చినది. క్షణములో అవయవములు కొయ్యబారును. పాచిపట్టిన రాళ్లపై కాలు నిలువదు. ఇచ్చట ఆకాశము నిర్మలముగ నుండగనే, పైకొండలలో కురిసిన వాన వరదగా దిగును. అన్నిటికన్న మించినది వేరొకటి: గాలమువానికి వీపు అడవివైపుండును, నీటిహోరులో వెనుకనుండి వచ్చు అడుగుచప్పుడు వినబడదు. ఇట్టి అడవులలో కార్బెట్‌ను కాపాడినది ధైర్యముకన్న జాగ్రత్తయే. గాలి వీచు దిక్కును, పక్షుల హెచ్చరికలను ఆయన క్షణమైన మరువలేదు.

బదరీ కేదారముల యాత్రామార్గమున రుద్రప్రయాగ చిరుతపులి 1918 మొదలు 1926 వరకు 125 మందిని చంపినట్లు లెక్కకు వచ్చినది. దానిని వేటాడు దినములలోకూడ పగటివేళ ఆయన గాలము చేబట్టి, నదిలో చేపలు పట్టెను. 1926 మే నెలలో ఆ చిరుత ఆయన తుపాకికి కూలినది. అంతకుముందే, 1907లో, 436 మందిని పొట్టబెట్టుకొన్నదని చెప్పబడు చంపావత్ ఆడపులిని ఆయన చంపెను. పూర్వమెవరో కాల్చిన గుండుచే దాని కోరలు విరిగియుండెను. మృగము నరభక్షకమగుటకు గాయమో, వార్ధక్యమో తరచు కారణమని ఆయన లోకమునకు దెలిపెను.

ఇచట తలపవలసిన విషయమొకటి కలదు. గాలమువాడు వేడుకకై అడవికేగును. ఇష్టము లేనిచో మానుకొనవచ్చును. గడ్డి కోయు స్త్రీకి, కట్టెలేరు బాలునికి ఆ స్వేచ్ఛ లేదు. పులివాతబడినవారిలో అనేకులు అట్టి నిరుపేదలే. కార్బెట్ అపాయమునకు ఎదురేగినది వారికొరకే.

వయసు మీరినకొలది ఆయన తుపాకి దించి, చలనచిత్రపు కెమెరా చేబట్టెను. 1936లో మన దేశపు తొలి జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడెను. 1947లో సోదరి మ్యాగీతో కెన్యాకు తరలి, 1955 ఏప్రిల్ 19వ తేదీన న్యేరీలో కన్నుమూసెను. తరువాత ఆ వనమునకు ఆయన పేరే పెట్టబడినది. నేడు ఆ బంగారు మహసీరే అంతరించు ప్రమాదమున నున్నది.

సెలవులలో పాసు తీసికొని సకుటుంబముగ ఉత్తరఖండ యాత్రకేగు సోదరులు ఆ నదులను కన్నులార చూతురుగాక. కాని పిల్లలను నీటి అంచునకు పోనీయక, స్థానికుల మాటను పెడచెవిని బెట్టక మెలగుట శ్రేయస్కరము. అడవినంతయు చదివినవాడే అంత జాగరూకుడై మెలగెను. ఒక్కనాటి అతిథులమైన మనము అంతకన్న మెలకువతో ఉండవలదా?