మూడేళ్లు జీతం ముట్టని మాస్టారు

గత నెలలో నాకో ఆఫర్ వచ్చింది. ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగం. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత తెలిసింది, నాతో పాటు అదే టీమ్‌లో అదే పని చేసిన వేరే కాలేజీ కుర్రాడికి నాకన్నా ఎక్కువ జీతం ఇస్తున్నారని. అడుగుదామంటే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. పైగా ఎడ్యుకేషన్ లోన్. నోరు మూసుకుని చేరిపొమ్మన్నారు నాన్న.

సరిగ్గా ఆ వారమే మన లైబ్రరీలో జగదీశ్ చంద్ర బోస్ జీవితం చదివాను. మొక్కల మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్తగానే ఆయన నాకు తెలుసు. ఆయన జీతం కథ మాత్రం తెలీదు.

బోస్ 1858లో మైమెన్‌సింగ్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. కొడుకును ముందు బెంగాలీ బడిలోనే వేశారు. తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్, ఆ పైన ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి చదువు. 1885లో తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ మాస్టారుగా చేరారు.

చేరాక అసలు సంగతి బయటపడింది. ఆ రోజుల్లో యూరోపియన్ ప్రొఫెసర్‌కి మూడు రూపాయలిస్తే అదే పని చేసే భారతీయుడికి రెండే. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం కోత. అంటే తెల్లవాడి జీతంలో మూడో వంతు!

బోస్ ఉద్యోగం మానెయ్యలేదు. అలాగని ఆ జీతమూ తీసుకోలేదు. రోజూ కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పారు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడేళ్లు పైసా ముట్టలేదు.

ఇంట్లో డబ్బులుండి చేసిన పని కాదది. తండ్రి రకరకాల వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టి అప్పుల్లో కూరుకుపోయారు. అవి తీర్చడానికి ఊళ్లో ఆస్తి అమ్మాల్సి వచ్చింది. 1887లో మద్రాసు మెడికల్ కాలేజీలో కొన్నాళ్లు చదువుకున్న అబలతో పెళ్లయింది. కలకత్తా అద్దెలు భరించలేక చందన్‌నగర్‌లో కాపురం పెట్టారు. అక్కణ్ణుంచి హుగ్లీ నదిని పడవలో దాటి ఉద్యోగానికి రావాలి.

చివరికి పైవాళ్లే దిగొచ్చారు. ఆయన పాఠం ఎలా చెబుతారో ప్రిన్సిపాల్ టానీ, విద్యాశాఖ డైరెక్టర్ క్రాఫ్ట్ మూడేళ్లు చూశారు. ఉద్యోగం పర్మినెంట్ అయింది. చేరిన రోజు నుంచీ లెక్కగట్టి పూర్తి జీతం ఒకేసారి చేతికిచ్చారు. ఆ డబ్బు తండ్రి అప్పులకే పోయింది.

ఆయన డబ్బు మనిషి అనుకుంటే పొరపాటు. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో వైర్లు లేకుండానే తరంగాలతో గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. అంతటి పనికీ పేటెంట్లంటే ఇష్టపడలేదు. స్నేహితులు బలవంతం చేస్తేనే ఒకటి తీసుకున్నారు. 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1937లో గిరిడీలో కన్నుమూశారు.

నాకు అర్థమైందేంటంటే, ఆయన ఎక్కువ కావాలని అడగలేదు. ఒకే పనికి ఒకే కొలత ఉండాలన్నారు. అడిగాక పనిలో వంక పెట్టే సందు ఎవరికీ ఇవ్వలేదు.

అలాగని మూడేళ్లు జీతం వద్దనుకునే స్థోమత నాకు లేదు. బ్యాంకు ఆగదు కదా! పైగా ఆ మూడేళ్ల బరువు ఆయనొక్కడే మోయలేదు, అబల కూడా మోసింది. కానీ అడగడానికి స్థోమతతో పనేముంది?

నాన్నకి ఈ కథంతా చెప్పాను. మొత్తం విని, కాసేపాగి, అడిగేదేదో మర్యాదగా అడగమన్నారు. ఆ రాత్రే మెయిల్ పెట్టాను. ఆరు నెలల్లో నేను చేసిన పనులు వరసగా రాశాను. ఇదే పనికి ఇచ్చే జీతం ఏ లెక్కన నిర్ణయిస్తారో చెప్పమన్నాను. పక్కవాడి పేరు ఎత్తలేదు, బెదిరించలేదు, బతిమాలలేదు.

జవాబింకా రాలేదు. సంతకం మాత్రం జవాబు చూశాకే.