మార్లవాయి అతిథి – హైమన్‌డార్ఫు

ఉత్తర తెలంగాణమున గోదావరికి ఒక ఒడ్డు కరీంనగరము, మఱియొక ఒడ్డు ఆదిలాబాదు. బాసరలో, ధర్మపురిలో, మంథెనలో ఈ నదీస్నానమునకై వచ్చు యాత్రికులకు ఏనాడును కొదువ లేదు. కాని ఆ యాత్రికులలో నదిని దాటి, ఉత్తరపు ఒడ్డునుండి టేకు, వెదురు, ఇప్ప చెట్ల నడుమగా పైపైకి పోవు బండిజాడను పట్టి నడచినవారు మొన్నమొన్నటి వఱకు మిక్కిలి అరుదు. ఆ కొండలపై గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు కాపురముండిరి. వారి సంగతి అడవి చౌకీదారునకు తెలియును. శిస్తు వసూలు చేయు పట్వారికి తెలియును. వడ్డీకి అప్పిచ్చు సాహుకారునకు ఇంకను బాగుగా తెలియును. చదువుకొన్న ప్రపంచమునకు మాత్రము తెలియదు.

ఆ సీమను లోకము కన్నులకు కట్టించినవాడు ఆస్ట్రియా దేశీయుడు. వింత యేమనగా, ఆయన ఈ దేశమున తన యిచ్చవచ్చినచోటికి పోవ వీలులేక, నిజాము రాజ్యపు ఎల్లలలో నిలిచిపోయిన కాలముననే ఈ కార్యము జరిగినది. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు.

ఆయన 1909వ సంవత్సరమున వియన్నా నగరమున ఒక కులీన కుటుంబమునందు జన్మించెను. బాల్యముననే రవీంద్రుని రచనలు చదివి భారతదేశముపై మక్కువ పెంచుకొనెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, అస్సాము కొండజాతుల సాంఘిక వ్యవస్థపై పరిశోధన చేసి 1931లో పట్టము పొందెను. అప్పటికి ఆయన అస్సామును చూచియెఱుగడు. పుస్తకములలో చూచినదానిని కన్నులార చూడవలెనను కోరిక ఆయనను లండనునకు, అచ్చట మాలినోవ్‌స్కీ పండితుని శిష్యవర్గములోనికి, పిమ్మట 1936లో నాగా కొండలలోనికి నడిపించెను. ఒక యేటికి పైగా కోన్యాకు నాగాల నడుమ నివసించి, వారి భాష నేర్చి, 1939లో వారినిగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. జాతిజనుల నడుమ కాపురముండి, వారి మాటలోనే వారిని తెలిసికొనవలెనను పద్ధతి ఆయనకు అచ్చటనే అలవడినది.

1938లో బెట్టీ బర్నార్డో అను ఆంగ్లవనితను వివాహమాడెను. మఱుసటియేట దంపతు లిరువురును హైదరాబాదు చేరిరి. అంతలో రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. జర్మనీ 1938లోనే ఆస్ట్రియాను మింగివేసినందున హైమన్‌డార్ఫు చేత నున్నది జర్మను పాసుపోర్టు. బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశపు పౌరుడు. ఆయనను నిర్బంధించిరి. కాని ఆయనను నాగా కొండలనాటినుండి ఎఱిగిన ఆంగ్లేయాధికారుల మాటసాయమును, నిజాము ప్రభుత్వపు సౌజన్యమును తోడుకాగా, హైదరాబాదు రాజ్యమును విడువరాదను కట్టుబాటుతో పనిచేసికొనుటకు అనుమతి లభించెను. లోకమంతయు తిరుగవలెనని కలలుగన్న మానవునకు ఒక్క సంస్థానమే లోకమైనది.

ఆయన ఆ హద్దులను చూచి నిట్టూర్పు విడువలేదు. 1940లో అమరాబాదు కొండలలోని చెంచుల కడకు పోయెను. పిదప గోదావరీతీరమున పాపికొండల కొండరెడ్ల నడుమ నివసించెను. బెట్టీ ప్రతి మకామునను తోడుగా నుండెను. అడవిలో గుడిసె వేసికొని, దొరికిన తిండి తిని, ఎడ్లబండ్లపై సామానులు తరలించుకొనుచు ఆ దంపతులు తిరిగిన తిరుగుళ్ళు సుఖయాత్రలు కావు.

ఆదిలాబాదు గోండుల చెంతకు ఆయనను చేర్చినది ఒక విషాదము. అడవులను రిజర్వు చేయుటతో తాతతండ్రులు దున్నిన నేలలే గోండులకు నేరస్థలము లయ్యెను. చేలు కాల్చివేయబడెను, పల్లెలు ఖాళీ చేయింపబడెను. వెలుపలినుండి వచ్చినవారు కాగితములు చూపి భూములు వశపఱచుకొనిరి. 1940లో జోడెఘాటులో కొమరం భీము తిరుగబడి, తన అనుచరులతో కూడ పోలీసుల తుపాకులకు బలియయ్యెను. తుపాకితో అల్లరి అణగినది గాని దాని మూలము మిగిలియే యున్నదని సర్కారులో కొందఱు గ్రహించిరి. రెవెన్యూ వ్యవహారములు చూచుచుండిన గ్రిగ్‌సన్ దొర పూర్వము బస్తరు మాడియాలపై గ్రంథము వ్రాసినవాడు. అట్టివారి ప్రోత్సాహముతో గోండుల స్థితిగతులను విచారించు పని హైమన్‌డార్ఫునకు లభించెను.

ఉట్నూరు ప్రాంతపు కొండలలో మార్లవాయి యను చిన్న గోండు పల్లె కలదు. దంపతులు అచ్చటనే గుడిసె వేసికొని నిలిచిరి. గోండులు తమ భాషలో తమ్ము తాము కోయితూరులని చెప్పుకొందురు. ఆ భాష దేశభాష కాదు, కచేరీ భాష కాదు. దానికి బడి లేదు. కాని పరధానులు కిక్రీ వాయించుచు రాత్రులంతయు గానము చేయు వంశగాథలలో ఒక మహాగ్రంథాలయమే కలదని హైమన్‌డార్ఫు గుర్తించెను. ఏ దేవత ఏ గోత్రమునకు ఇలవేలుపు, ఏ గోత్రమువారు ఎవరితో వియ్యమందుదురు, సిర్పూరు, చాందా కోటలలో గోండురాజు లేలిన కాలపు జ్ఞాపకములు ఏ పాటలో నిలిచినవి యని యోపికతో విని వ్రాసికొనెను. 1948లో వెలువడిన ఆయన గ్రంథము ఆదిలాబాదు పేరును అట్టమీద ధరించి లోకములోని విద్యాపీఠములకు పోయినది. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేటికిని లండనులోని ప్రాచ్యవిద్యా కళాశాలలో భద్రముగా నున్నవి.

గ్రంథము వ్రాసి కీర్తి గడించి పోయియుండినచో ఆయనను గోండులు మఱచియుందురు. అట్లు జరుగలేదు. 1943లో మార్లవాయియందు గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయు శిక్షణకేంద్రము వెలసినది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో, వాచకములు అచ్చువేయించిరి. పిల్లవాడు మొదట తల్లిమాటలో అక్షరములు దిద్ది, తరువాత ఇతర భాషలలోనికి పోవలెనన్నది ఆ పద్ధతి. ఆ జిల్లాలో పనిచేసిన సేతుమాధవరావు పగడీ స్వయముగా గోండి నేర్చి ఆ కార్యమునకు తోడ్పడెను. 1945లో హైమన్‌డార్ఫు గిరిజనులకును వెనుకబడిన వర్గములకును సంబంధించిన ప్రభుత్వ సలహాదారుగా నియమితుడయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించెను. ఆ సంవత్సరములలో ఆదిలాబాదు గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరముల భూమికి పట్టాలు లభించినవి. గోండు చేతికి కాగితము వచ్చుట అదియొక కొత్త సంగతి. ఆ కాగితము లేకయే అంతవఱకు అతడు ఓడిపోవుచుండెను.

కేస్లాపురపు దర్బారు కథయు ఆ దశాబ్దమునకు చెందినదే. ఇంద్రవెల్లికి సమీపముననున్న కేస్లాపురమున మెస్రం వంశీయుల నాగదేవుడు నాగోబా వెలసియున్నాడు. ఆ వంశమువారు కాలినడకన గోదావరికి పోయి, కడవతో పవిత్రజలము తెచ్చి, మఱ్ఱిచెట్లనీడ విడిదిచేసి, పుష్యమాసపు అమావాస్యరాత్రి మహాపూజ జరుపుదురు. వంశములోనికి కొత్తగా వచ్చిన కోడండ్రను అచ్చటనే దేవునికి, పెద్దలకు పరిచయము చేయుదురు. నలుమూలలనుండి గోండులు ఒకచోట చేరు జాతర అది. కచేరీకి పోవ జంకు గోండు తన దేవుని ముంగిట జంకడు గదా! కావున అధికారులే జాతరకు వచ్చి, బహిరంగసభలో ఫిర్యాదులు విని, పరిష్కరింపవలెనను ఏర్పాటు హైమన్‌డార్ఫు పూనికతో నెలకొన్నది. జాతర చూడ వచ్చు అధికారి వేడుక చూచి పోక, జవాబుదారియై నిలువవలసి వచ్చెను.

1949లో ఆయన లండను విశ్వవిద్యాలయమున కొలువు స్వీకరించెను; 1951లో ఆచార్యపదవి పొందెను. 1953నుండి నేపాళమున షేర్పాల నడుమ పరిశోధించి, హిమాలయజాతులపై ప్రామాణిక గ్రంథములు వెలువరించెను. ఇప్పుడు ఆయనకు ఏ హద్దులును లేవు. అయినను ఎన్నియో పర్యాయములు ఆదిలాబాదునకు మరలివచ్చుచునే యుండెను. 1976లో ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఆ పల్లెలనే మరల పరిశీలింప పూనుకొనెను.

అప్పుడు చూచినది ఆయన మనస్సును కలచివేసినది. ఎడ్లబండి మాత్రమే పోగల జాడలు బస్సుదారులైనవి. బడులు, ఆసుపత్రులు వచ్చినవి, అది మేలే. కాని ఆ దారుల వెంబడినే భూమిపై ఆశగలవారును వచ్చిరి. గిరిజనుల భూమి పరులపాలు కారాదని 1949లో ఒక శాసనము, 1970లో మఱింత గట్టిదగు 1/70 శాసనము ఉండగనే, తాను పట్టాలిప్పింప పాటుపడిన పొలములు చేతులు మారుచుండుట ఆయన పల్లెపల్లెనను గుర్తించి నమోదు చేసెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమికొఱకు గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపి పలువురి ప్రాణములు తీసిరి. మఱుసటియేట వెలువడిన హైమన్‌డార్ఫు గ్రంథము భారత గిరిజనుల జీవన్మరణ పోరాటమును పేరులోనే చెప్పినది. నలువది యేండ్లకు పూర్వము ఆయన చూచిన వ్యాధి నయము కాలేదు, వేషము మార్చుకొన్నది.

ఒక మారుమూల సీమను లోకమునకు తెలుపుట మేలా, కీడా యను ప్రశ్నకు ఆయన జీవితము సులభమగు సమాధానము నీయదు. తెలియనినాడు గోండుల చేలు కాలుచుండగా అడుగువాడు లేకపోయెను. తెలిసినపిమ్మట వచ్చినవారందఱును మిత్రులు కారైరి. అయినను ఆయన నడత నొక పాఠము కలదు. ఆయన గోండులను వింతగా చూపలేదు. నెమలిపింఛముల కిరీటము ధరించి దీపావళి దినములలో ఆడు గుస్సాడీ నృత్యమును వర్ణించిన కలమే, ఆ నర్తకుని పొలము సర్వే సంఖ్యనుగూర్చియు అర్జీ వ్రాసెను. వేడుకను, వేదనను వేఱుచేసి చూడకుండుటయే ఆయన విశిష్టత.

1987 జనవరి 11న హైదరాబాదులో బెట్టీ కన్నుమూసెను. ఆమెను మార్లవాయియందే సమాధి చేసిరి. 1995లో హైమన్‌డార్ఫు లండనులో తనువు చాలించెను. 2012లో ఆయన కుమారుడు తండ్రి చితాభస్మమును తెచ్చి తల్లి సమాధి సరసనే నిక్షేపింపజేసెను. ప్రతి జనవరిలోను ఆ పల్లెవారు సమాధులకడ చేరి, తమ ఆచారము ననుసరించి వారికి నివాళి నర్పించుచున్నారు. మార్లవాయి గుస్సాడీ నర్తకుడు కనక రాజును 2021లో పద్మశ్రీ వరించినది. 2024లో ఆయనయు దివంగతుడయ్యెను.

2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలయ్యెను. మార్లవాయి నేడు కొమరం భీము ఆసిఫాబాదు జిల్లాలో, జైనూరు మండలమున నున్నది. కేస్లాపురము ఆదిలాబాదు జిల్లాలోనే మిగిలినది. మెస్రం వంశీయులు తమ సొంతధనముతో నాగోబాకు కొత్త రాతిగుడి కట్టుకొని 2022లో ప్రతిష్ఠ చేసికొనిరి. జాతరకు లక్షలకొలది జనులు వచ్చుచున్నారు. కడెమునదిపై కుంటాల జలపాతమును, కవ్వాల అడవులలోని పులుల సీమను చూడ నగరములనుండి బండ్లు బారులు తీరుచున్నవి. ఒకనాడు ఎవరును ఎఱుగని దేశము నేడు చూడదగిన దేశముల పట్టికలో చేరినది.

ఆ దారిన పోవు యాత్రికుడు మార్లవాయికడ ఒకింతసేపు ఆగుట మంచిది. అచ్చట జలపాతము లేదు, కోట లేదు. ఉన్నవి రెండు సమాధులు. ఊరివారి యనుమతితో ఊరిలో అడుగుపెట్టి, ఊరి మాట నేర్చి, ఊరివారి పొలము కొఱకు పాటుపడి, తుదకు ఆ ఊరి మట్టిలోనే కలసిన ఇద్దఱు అతిథులు అచ్చట నిదురించుచున్నారు.